లెక్క మన పొలంలో రాస్తున్నారు, మన ఊళ్లోనే చదవాలి



పైన పెట్టిన వీడియోలో మామిడి చెట్టు పాదులో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి వానపాములు లెక్కపెట్టడం చూపించాం. రసాయనం వాడుతున్న చెట్టు కింద కూడా అంతే గుంత తీసి పోల్చాం. "ఇదంతా ఎందుకండీ, కాయ కాస్తే చాలదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రకృతి వ్యవసాయం పేరుతో ప్రభుత్వం పెడుతున్న ఖర్చు మన పొలాల్లో ఏం మార్చిందో తేల్చే లెక్కను మన గ్రామసభలో, మన ముందు, మనకు అర్థమయ్యేలా చదవాలి. ఇప్పుడు ఆ లెక్క మన గట్టు మీద మొదలై, ఫోన్లోకి ఎక్కి, పైకి వెళ్లి నివేదిక అవుతోంది. తిరిగి మన ఊరికి మాత్రం రావడం లేదు.

నీళ్లు వదలడం వేరు, వేరుకి తడి అందడం వేరు

ప్రభుత్వ భాషలో పర్యవేక్షణ అనీ, మూల్యాంకనం అనీ రెండు మాటలున్నాయి. రెండూ ఒకటే అనుకుంటాం గానీ కావు. మోటారు వేశారా, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని చెట్లకు డ్రిప్పు లైను ఉంది అని చూడటం పర్యవేక్షణ. ఆ నీళ్లు వేరు దాకా అందాయా, పిందె నిలిచిందా, కాయ సైజు వచ్చిందా, ఖర్చులు పోను రైతుకి ఏం మిగిలింది అని చూడటం మూల్యాంకనం. మొదటిది రోజూ చేసుకుపోయే పని. రెండోది ఆగి, పోల్చి, తేల్చే పని.

మన పథకంలో మొదటిది బాగానే జరుగుతోంది. రైతుల పేర్లు, ఎకరాలు, ఘనజీవామృతం ఎంత వేశారు, ద్రవజీవామృతం ఎన్నిసార్లు పారించారు, నవధాన్యాలు చల్లారా లేదా, మీటింగుకి ఎంతమంది వచ్చారు, ఫోటో పెట్టారా లేదా... అన్నీ రాసుకుంటారు. రాసే ఐసీఆర్‌పీలు మన మధ్య ఉండేవాళ్లే. ఎండనక వాననక తిరుగుతున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. వాళ్లకు పైనుంచి టార్గెట్ వస్తుంది. ఆ టార్గెట్ ఎకరాల్లో ఉంటుంది. ఎకరాలు అడిగితే ఎకరాలే వస్తాయి మరి.

నా సంగతే చెప్తాను. ఒక జాబితాలో నా పేరుకి ఎదురుగా 4 ఎకరాలు అని ఉంది. నేను మందు చుక్క లేకుండా చేస్తున్నది ఎకరంన్నర. మిగతా తోటను ఏడాదికి కొంత చొప్పున మారుస్తున్నాను. ఎవరో కావాలని అబద్ధం రాశారని నేను అనడం లేదు. పాస్‌బుక్‌లో ఉన్నది ఎక్కించేశారు, అంతే. కానీ నాలాంటి వాళ్ల లెక్కలు మండలంలో, జిల్లాలో, రాష్ట్రంలో కూడుకుంటూ పోతే చివరికి వచ్చే అంకెకీ నేలకీ ఎంత దూరం పెరుగుతుందో మీరే ఆలోచించండి. విత్తనం నుంచి మళ్లీ విత్తనం దాకా రసాయనం తగలకుండా చేసిన రైతుని వేరుగా గుర్తించే పద్ధతి ఈ పథకంలోనే ఉంది. మంచి పద్ధతి. అయితే సభల్లో, పేపర్లలో వినపడేది మాత్రం మొత్తం నమోదు అంకే.

అంకెలు పెద్దవి, అందుకే ప్రశ్న కూడా పెద్దది

కొంచెం వెనక్కి వెళ్దాం. రైతు సాధికార సంస్థ 2014లో వచ్చింది. 2015-16 నుంచి ఈ కార్యక్రమం మొదలైంది. మొదట్లో పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం అన్నారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం అయింది. 2018 జూన్‌లో మన ప్రభుత్వం ప్రపంచం ముందు ఒక మాట చెప్పింది: 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు ప్రకృతి వ్యవసాయంలోకి వస్తారని. 2024 వచ్చింది, పోయింది. ఆ అంకె అందలేదు. అదే 2024లో మన కార్యక్రమానికి గుల్బెంకియన్ మానవతా పురస్కారం వచ్చింది. 10 లక్షల యూరోల బహుమతి అది. దాన్ని నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ, ఈజిప్టులోని సేకెమ్ సంస్థతోనూ కలిపి మనకు ఇచ్చారు. అప్పుడు చెప్పిన లెక్క 10 లక్షలకు పైగా రైతులు.

60 లక్షలు అనుకుని 10 లక్షలకు చేరడం చిన్నతనమని నేను అనను. మన దేశంలో ఇంకే రాష్ట్రమూ ఇంత పెద్ద ఎత్తున ప్రయత్నించలేదు. నేను అడిగేది వేరు. ఆ తేడా ఎందుకు వచ్చింది? కూలీల ఖర్చు భరించలేక ఆగినవాళ్లు ఎంతమంది? దేశీ ఆవు లేక ఆగినవాళ్లు ఎంతమంది? కౌలుకి చేసుకుంటూ, వచ్చే ఏడాది ఆ పొలం దక్కుతుందో లేదో తెలియక నేల మీద ఖర్చు పెట్టని వాళ్లు ఎంతమంది? ఒక ఏడాది చేసి మళ్లీ డీఏపీ కట్ట కొనుక్కున్నవాళ్లు ఎంతమంది? కొత్తగా చేరినవాళ్ల లెక్క ప్రతి నెలా పైకి వెళ్తుంది. వదిలేసినవాళ్ల లెక్క మా ఊళ్లో ఎవరూ చదివి వినిపించలేదు. నా దృష్టిలో రెండో లెక్కే ఎక్కువ నేర్పుతుంది. మందు పని చేయకపోతేనే కదా డాక్టరు మళ్లీ పరీక్ష రాస్తాడు!

ఇప్పుడు కేంద్రం కూడా దిగింది. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి ఆమోదం ఇచ్చింది. ఖర్చు 2,481 కోట్ల రూపాయలు. 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 7.5 లక్షల హెక్టార్లు, 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు అన్నారు. ఈ లక్ష్యాలు ఒకసారి మళ్లీ చదవండి. అన్నీ ఎన్ని, ఎంతమంది, ఎన్ని హెక్టార్లు అనే. రైతు ఖర్చు ఎంత తగ్గాలి, నికర ఆదాయం ఎంత పెరగాలి, నేలలో సేంద్రియ కర్బనం ఎంత పెరగాలి అన్నది కూడా టార్గెట్‌గా పెట్టి మన ఊళ్ల వారీగా చూపిస్తే ఈ డబ్బుకి అర్థం ఉంటుంది.

మామిడిని ఒక్క కాపుతో తూచలేం

మూల్యాంకనం అసలు జరగడం లేదని నేను అనడం లేదు. విశాఖపట్నంలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్లు మన రాష్ట్రంలో పంట కోత ప్రయోగాలు చేసి, ప్రకృతి వ్యవసాయం చేసే పొలాలనూ చేయని పొలాలనూ పోల్చి నివేదికలు ఇచ్చారు. అది చేయాల్సిన పనే. కానీ వాటిలో ప్రధానంగా కనపడేవి వరి, వేరుశనగ లాంటి పంటలు. వరిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి కొలిచి, కోసి, నూర్చి, తూచితే ఎకరా దిగుబడి చెప్పొచ్చు. మా నూజివీడు, విస్సన్నపేట, చాట్రాయి, రెడ్డిగూడెం వైపు ఆ కొలత పని చేయదు. మాది మామిడి.

మామిడి ఒక ఏడాది విరగకాస్తుంది, మరుసటి ఏడాది చేతులెత్తేస్తుంది. బంగినపల్లికి ఈ గుణం ఎక్కువే. కాపు ఉన్న ఏడాది ఎవరైనా వచ్చి కొలిచి ప్రకృతి వ్యవసాయం అద్భుతం అని రాస్తే అది తప్పు. కాపు లేని ఏడాది వచ్చి ఇది దండగ అని రాసినా తప్పే. కనీసం నాలుగు కాపులు, అంటే రెండు ఎక్కువ ఏళ్లు, రెండు తక్కువ ఏళ్లు కలిపి చూస్తేనే తోట సంగతి తెలుస్తుంది. పైగా పూత మీద మంచు, తేనెమంచు పురుగు, బూడిద తెగులు, పిందె మీద తామర పురుగు, చివర్లో పండు ఈగ, గాలివాన. వీటిలో ఏది ఆ ఏడాది కొట్టిందో రాయకుండా టన్నులు మాత్రం రాస్తే ఆ అంకె ఏమీ చెప్పదు.

ఇంకో చిక్కు గుత్త. మా వైపు చాలా తోటలు పూతకు ముందే వ్యాపారి చేతిలోకి వెళ్తాయి. కొన్ని రెండు మూడేళ్లకు కలిపి ఇచ్చేస్తారు. అప్పుడు పిచికారీ చేసేది రైతు కాదు, గుత్తదారు. చెట్టుకి పూత మందు పోసినా ఆయనే పోస్తాడు. జాబితాలో రైతు పేరు ప్రకృతి వ్యవసాయంలో ఉంటుంది, చెట్టు మీద మందు వాసన ఉంటుంది. ఈ తోటను ఏ గడిలో రాస్తారు? ఫారంలో ఆ గడే లేదు. మామిడి ప్రాంతానికి మామిడి ఫారం ఉండాలన్న మాట ఇక్కడే వస్తుంది. ఆ ఫారంలో ఎకరాకి ఎన్ని టన్నులు అన్నదొక్కటే కాదు, మంగు లేని కాయ ఎంత శాతం, పండు ఈగకి పోయిన కాయ ఎంత, పిచికారీల మీద ఖర్చు ఎంత, ఎండాకాలంలో ఎన్ని రోజులకి ఒక తడి ఇచ్చారు, తోట గుత్త ధర ఎంత పలికింది అన్నవి ఉండాలి.

దీనికి తోడు జిల్లాల విభజన. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఉమ్మడి కృష్ణా నుంచి విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లింది, నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లింది. తోటలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, లెక్కలు మాత్రం రెండుగా చీలాయి. కృష్ణా జిల్లా పాత అంకె పక్కన ఎన్టీఆర్ జిల్లా కొత్త అంకె పెట్టి పెరిగింది, తగ్గింది అంటే అది పోలిక కాదు. ఊరి వారీ, సర్వే నంబరు వారీ లెక్క ఉంటే జిల్లా ఎన్నిసార్లు మారినా మనం పోల్చుకోగలం.

పోలికలో ఇంకో కిటుకు ఉంది. మంచి నేల, సొంత బోరు, శ్రద్ధ ఉన్న రైతే సాధారణంగా కొత్త పద్ధతికి ముందు ముందుకొస్తాడు. ఆయన పొలాన్ని పక్కవాడి పొలంతో పోల్చి తేడా మొత్తం జీవామృతానిదే అంటే, పక్కవాడు నమ్మడు. నమ్మాల్సిన పని కూడా లేదు. ఒకే రైతు తోటలో కొన్ని చెట్లు ఇలా, కొన్ని అలా ఉంచి పోల్చాలి. లేదా మారకముందు ఏం ఉందో రాసిపెట్టుకుని తర్వాత పోల్చాలి. మొదటి రోజు రాయని లెక్కను పదేళ్ల తర్వాత ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా తయారు చేయలేడు.

దారి మన రాష్ట్రంలోనే ఉంది

రైతులు లెక్కలు రాయగలరా, అర్థం చేసుకోగలరా అని కొందరు అధికారులకు సందేహం. రెండు సంగతులు గుర్తు చేస్తాను.

ఒకటి, భూగర్భ జలాలు. 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులే నడిపే భూగర్భ జలాల ప్రాజెక్టు ఒకటి జరిగింది. వందలాది గ్రామాల్లో రైతులే వానమాపకం చూశారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఇంత నీరు ఉంది, ఇన్ని ఎకరాల వరి వేస్తే ఇంత పోతుంది అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరినీ బోరు కట్టేయమని ఆదేశించలేదు. అంకె కళ్ల ముందు ఉంది కాబట్టి చాలామంది పంట మార్చుకున్నారు. పెద్ద చదువు లేని వాళ్లు కూడా అందులో ఉన్నారు. లెక్క మన చేతిలో ఉంటే అది మన నిర్ణయానికి పనికొస్తుంది. పైకి మాత్రమే వెళ్తే అది నివేదికకి పనికొస్తుంది.

రెండు, ఉపాధి హామీ. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టం 17వ సెక్షన్ పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. అంతకుముందే 1994లో రాజస్థాన్ పాలీ జిల్లాలోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనం ముందు మస్టర్లు చదివించి దారి వేసింది. దాన్ని ప్రభుత్వ వ్యవస్థగా మార్చిన మొదటి రాష్ట్రం మాత్రం మనదే. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకి శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి "నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నువ్వు పని చేశావా అమ్మా?" అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివారు.

అందులో లోపాలు లేకపోలేదు. తేలిన అక్రమాల్లో తిరిగి వసూలైన డబ్బు తక్కువే. అయినా ఒక మార్పు వచ్చింది. నా పేరు మీద ఏం రాశారో అడిగే హక్కు నాకు ఉందని కూలీకి తెలిసింది. ప్రకృతి వ్యవసాయంలో రైతుకి ఆ పాటి హక్కు ఎందుకు ఉండకూడదు?

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి ఊళ్లో ప్రకృతి వ్యవసాయ రైతుల జాబితా, వాళ్ల పేరు మీద రాసిన విస్తీర్ణం సచివాలయం గోడ మీద పెట్టాలి. ఏడాదికి ఒకసారి గ్రామసభలో చదవాలి. తప్పుంటే రైతే లేచి సరిచేస్తాడు.

రెండు. ఆ జాబితాలో నాలుగు గళ్లు వేరుగా ఉండాలి: పూర్తిగా రసాయనం లేకుండా చేసేవాళ్లు, కొంత భాగంలో చేసేవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, వదిలేసినవాళ్లు. వదిలేసినవాళ్లకు ఎదురుగా కారణం ఒక్క ముక్కలో రాయాలి. అది వాళ్లకు మచ్చ కాదు, పథకానికి పాఠం.

మూడు. మామిడి, నిమ్మ, కొబ్బరి, పామాయిల్ లాంటి తోటలకు నాలుగు కాపుల పాటు అవే చెట్లను కొలవాలి. ప్రతి ఏడాదీ కొత్త తోట చూపించి ఫోటో తీసుకోవడం ఆపాలి.

నాలుగు. మా పొలంలో తీసిన మట్టి పరీక్ష, పంట కోత ఫలితం మాకు తెలుగులో కాగితం మీద తిరిగి ఇవ్వాలి. మా మట్టి తీసుకెళ్లినప్పుడు ఫలితం కూడా మాదే కదండీ!

ఐదు. కొలిచేవాళ్లు, పథకం నడిపేవాళ్లు ఒకరే కాకూడదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఫస్టు క్లాసు రాకుండా ఎలా ఉంటుంది?

ఇవి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. ఒక నోటుబుక్కు చాలు. తోటలో పది చెట్లకు రంగు వేసి నంబర్లు ఇవ్వండి. వాటిలో ఐదు ప్రకృతి పద్ధతిలో ఉన్నవి, ఐదు ఇంకా మారనివి అయితే మరీ మంచిది. వయసు, రకం, నీళ్లు ఒకేలా ఉన్న చెట్లు ఎంచుకోండి. పూత వచ్చిన తేదీ, తడులు, ఖర్చు, కూలీలు, కోసిన కాయ కిలోలు, పక్కన పడేసిన కాయ కిలోలు రాయండి. మన కూలి, ఇంట్లో ఆడవాళ్ల కూలి కూడా ఖర్చులో రాయండి. పెట్టుబడి లేదు అనే మాట చాటున మన రెక్కల కష్టాన్ని సున్నా కింద కొట్టేయొద్దు. జాబితాలో మీ పేరు ఎదురుగా ఏముందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

"మన తప్పులు మనమే బయట పెట్టుకోవాలా?"

ఈ మాట మనవాళ్లే అంటారు. రసాయన కంపెనీలకు మనమే ఆయుధం ఇచ్చినట్టు కాదా అని. నా ఆలోచన దీనికి రివర్సు. శ్రీలంక చూడండి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. ప్రాంతాల వారీగా పరీక్షించి, కొలిచి, నెమ్మదిగా మారే పని పెట్టుకోలేదు. ఆ ఏడాది నవంబర్‌కల్లా వెనక్కి తీసుకుంది. వరి దిగుబడి పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు. ఇప్పటికీ ఎక్కడ ప్రకృతి వ్యవసాయం మాట ఎత్తినా "శ్రీలంక చూడలేదా?" అంటారు. లెక్క లేకుండా పరుగెత్తిన వాళ్ల బరువు మనం మోస్తున్నాం.

మన దగ్గర నిజమైన లెక్క ఉంటే ఆ మాటకి జవాబు చెప్పగలం. ఈ నేలలో, ఈ రకానికి, మొదటి రెండేళ్లు దిగుబడి ఇంత తగ్గింది, ఖర్చు ఇంత తగ్గింది, మూడో ఏడు ఇలా ఉంది, ఫలానా చీడకి మన కషాయం ఆగలేదు, ఫలానా దానికి ఆగింది అని చెప్పగలం. పక్క తోట రైతు వినేది ఆ మాటే. అవార్డు చూసి ఎవరూ ఎరువు కట్ట కొనడం మానరు. పక్కవాడి నోటుబుక్కు చూసి మానతారు.

ఇంకో మాట. ఇది మన పన్నుల డబ్బు, కొంత తెచ్చిన అప్పు కూడా. జర్మనీ అభివృద్ధి బ్యాంకు నుంచి ఈ కార్యక్రమానికి రుణం వచ్చింది. రుణం ఇచ్చినవాడికి నివేదిక వెళ్తుంది, తీర్చాల్సిన మనకు వెళ్లదు అంటే అది న్యాయం కాదు. రేపు ప్రభుత్వం మారొచ్చు, అధికారి మారొచ్చు, పథకం పేరు మారొచ్చు. అప్పుడు ఈ పని నిలబడాలంటే ఊళ్లో ఉన్న లెక్కే దానికి ఊతం.

ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజుల్లో మన ఊళ్లలో గ్రామసభ పెడతారు. సంతకం పెట్టి వచ్చేయకుండా ఈసారి ఒక్క ప్రశ్న అడగండి: "మన ఊరి ప్రకృతి వ్యవసాయం జాబితా చదవండి సార్." ఒక్కరే అడిగితే నవ్వొచ్చు. పదిమంది పది నోటుబుక్కులతో వెళ్తే చదవక తప్పదు.